గుడ్డమీది బొమ్మ, గుట్టున నుండు కమీషను

కొంగునాటి పశువుల సంతలలో బేరము కుదుర్చు దళారి, అమ్మువాని చేతిని కొనువాని చేతిని తుండుగుడ్డ కింద పట్టుకొని, వేళ్ల నొక్కుచునే వెల తేల్చు ఆచారము చిరకాలముగా నున్నది. చుట్టు మూగినవారికి ధర తెలియదు. కాని ఆతడు దళారి యనియు, బేరము కుదిరినచో ఆతనికి తరగు ముట్టుననియు సంతకు వచ్చిన పిల్లవానికి సైతము తెలియును. ఫోను తెరమీద చేతిపనులు నేర్పుచు, టీషర్టుమీద ఇస్త్రీపెట్టెతో బొమ్మ నతికించు కాగితమును, పింగాణీ కప్పుమీద నీటితో జార్చి అంటించు పొరను కొనుడని సిఫారసు చేయు నేటి వారి విషయమున ఈ వరుస తారుమారైనది. ధర ఎల్లరకు కనిపించును. దళారి మాత్రము కనిపింపడు.

కోయంబత్తూరు తెలుగువారికి గుడ్డయు, గుడ్డమీది గుర్తును కొత్తవి కావు. విజయనగర, నాయకరాజుల కాలములలో దక్షిణమునకు తరలివచ్చి, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుచు వచ్చిన కమ్మవారును, మగ్గమును నమ్ముకొన్న దేవాంగులును ఆ ఊరి నూలు చరిత్రలో ముఖ్యులు. 1888లో స్టేన్సు దొర మొదటి మిల్లును పెట్టిన పిమ్మట, 1910లో కుప్పుస్వామినాయుడు లక్ష్మీమిల్లును నెలకొల్పెను. 1930ల దశకమున పైకారా జలవిద్యుత్తు అందుటతో మిల్లులు వరుసగా వెలసెను. ఆ రోజులలో తానుకు అతికిన రంగుల చీటిని, ధోవతి అంచుమీది మిల్లు ముద్రను చూచి, అక్షరము రానివాడు సైతము సరకు ఎవరిదో పోల్చుకొనెడివాడు. సరకు యజమాని యెవరో దాచక చెప్పుటయే ముద్ర చేయు పని. 2009 వరకు కోయంబత్తూరు జిల్లాలోనిదే యైన తిరుప్పూరులో నేడు బనీను మెడవద్ద కుట్టిన చీటికి బదులు వేడితో నొక్కిన అక్షరములే తరచుగా కనిపించును. ఒరుసుకొను చీటి పోయెను, పేరు నిలిచెను.

బొమ్మను ఒకచోట అచ్చువేసి మరియొకచోటికి దించు విద్య పాతదే. 1756లో ఇంగ్లండులోని లివర్పూలు పట్టణమున సాడ్లరు, గ్రీను అను నిరువురు, కాగితముమీద అచ్చైన చిత్రమును పింగాణీ పలకలమీదికి దించుచు ఆరు గంటలలో పన్నెండువందలకు పైగా పలకలు ముగించితిమని ప్రమాణపత్రము వ్రాసియిచ్చిరి. చేతితో చిత్రించు పనివాండ్రు ఆ వార్త విని యెట్లుండిరో ఊహించుకొనవచ్చును. 1870ల దశకమున మాంచెస్టరునందలి బ్రిగ్సు సంస్థ, వేడి ఇస్త్రీతో కుట్టుపని నమూనాను గుడ్డమీదికి దించు కాగితములను అమ్మజూపెను. ఇంటి ప్రింటరు వచ్చిన పిదప ఆ అచ్చుకూటమే బల్లమీదికి దిగినది, అంతే.

అయితే ఈ కాగితము లన్నియు ఒక్కటి కావు. కొనువారు మోసపోవుట ఇక్కడనే గనుక కొంత వివరింపవలసియున్నది. లేతరంగు గుడ్డకు తగిన కాగితముమీద పలుచని ప్లాస్టిక్కు పొర యుండును. బొమ్మను అద్దములో వలె తిప్పి అచ్చువేసి, ఆవిరి లేని పొడి ఇస్త్రీతో గట్టిగా నొక్కినచో ఆ పొర కరగి, సిరాతో సహా నూలుపోగులను పట్టుకొనును. తిప్పుట మరచినచో అక్షరములు తిరగబడును. నల్లగుడ్డకు తెల్లని అడుగుపొరగల కాగితము వేరుగా కలదు. దానికి బొమ్మను తిప్పనక్కరలేదు. కప్పుల కంటించు నీటి డెకాలు సంగతి మరియొకటి: ఇంక్‌జెట్ సిరా నీటికి కరగును గనుక ముందుగా పారదర్శకమైన వార్నిషు చల్లి ఆరనిచ్చి, పిమ్మట నానబెట్టి జార్చవలెను. ఎంత జాగ్రత్తగా నంటించినను అది సుమారు 800 డిగ్రీల బట్టీలో కాల్చిన పింగాణీ బొమ్మకు సాటిరాదు. పెదవి తగులు అంచుకు దూరముగా నుంచుటయే మేలు. ఇక సబ్లిమేషను అను పద్ధతిలో సుమారు రెండువందల డిగ్రీల వేడికి రంగు ఆవిరియై పాలియెస్టరు పోగులోనికి చొరబడును, ఉదుకుటకు చెక్కుచెదరదు. నూలు మాత్రము ఆ రంగును పట్టుకొనజాలదు. వందయేండ్లకు పైగా నూలునే వడకిన ఊరిలో ఎవరైన సబ్లిమేషను కాగితమును చూపి "ఏ గుడ్డకైనను పనికివచ్చు"ననినచో, ఆ మాట గుడ్డ నెరిగినవాని మాట కాదు, కమీషను నెరిగినవాని మాట.

మధురలో గుడ్డలో ఇంకిన రంగును, పైనంటించిన బొమ్మను వేరుచేయు పరీక్ష మరింత సులభము. తిరుమలనాయకుని (1623–1659) కాలమున రాజాదరణ పొందిరని చెప్పబడు సౌరాష్ట్రులు, తమ మాటలో తెలుగును విరివిగా కలుపుకొన్నవారు, దారముతో ముడులు వేసి రంగులో ముంచి తీయు చుంగుడి చీరకు భౌగోళిక గుర్తింపు కలదు. ముడివేసిన చుక్క గుడ్డకు ఇరుప్రక్కలను పారును, ఒక చుక్క వలె మరియొక చుక్క యుండదు. అంటించిన బొమ్మ ఒకప్రక్కనే పొరయై కూర్చుండును. తిరగవేసి చూచుట చాలును. కాని తెరమీది గుడ్డను తిరగవేయు వీలు చూచువారికి లేదు. చూపువాడే తిరగవేయవలెను.

అతడేల తిరగవేయడు? 1996లో అమెజాను మొదలుపెట్టిన పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. సిఫారసు చేయువానికి ప్రత్యేకమైన లింకు నిత్తురు. దానిని నొక్కి దుకాణములో ప్రవేశించినవారు నిర్ణీత కాలములోగా, అమెజానులో సాధారణముగా ఇరువదినాలుగు గంటలలోగా, కొన్న సరకుపై నూటికి కొన్ని రూపాయలు వానికి ముట్టును. సరకు తిరిగివచ్చినచో కమీషనును పోవును. కాని బొమ్మ పదవ ఉదుకునకు బీటలువారినచో అప్పటికే సరకు తిరిగిచ్చు గడువు దాటియుండును. వాని సొమ్ము భద్రము. అందుచే కొనుగోలు వరకు చూపు ఉత్సాహము ఉదుకునాటికి మిగులకుండుట వింతగాదు. ఇది ప్రతివాని దుర్బుద్ధి యనలేము. జీతము లేక గంటలకొలది పని నేర్పువానికి ఏదో రాబడి యుండవలె గదా. కష్టపడి రెండు కాగితములను ప్రక్కప్రక్కన అంటించి, ఉదికి, ఫలితమును చూపినవాని కమీషనును చూచి నే నీర్ష్యపడను.

ప్రభుత్వము ఈ గుట్టును గమనించినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము కింద 2022 జూనులో వెలువడిన నిబంధనలును, 2023 జనవరిలో వెలువడిన సూచనలును, సిఫారసు చేయువానికి అమ్మువానితో గల సంబంధమును, అది సొమ్మైనను ఉచిత సరకైనను, కంటబడక తప్పని చోట చెప్పవలె ననుచున్నవి. తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మరల చేసినచో ఏబది లక్షల వరకు జరిమానా కలదు. సిఫారసు ఏ భాషలో నున్నదో వెల్లడియు ఆ భాషలోనే యుండవలె ననుట కోయంబత్తూరు తెలుగువారికి ప్రత్యేకముగా వర్తించును: ఇంటి తెలుగులో "అక్కా, ఇది కొనండి" యని పలికి, కమీషను మాటను అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరములలో పెట్టుట చాలదు. ఇంతకును ఆ కమీషను ఎవరికిని తెలియని రహస్యమేమియు కాదు. 2024 అక్టోబరు నుండి నిర్ణీత పరిమితి దాటిన దళారి కమీషనుమీద మూలమునందే రెండు శాతము పన్ను కోయుచున్నారు గనుక ఆదాయపు పన్ను కార్యాలయమునకు ముందే తెలిసియుండును. తెలియనిది కాగితము కొన్న అక్కకు మాత్రమే.