పడవ ట్యాంకుకు ఎర్తింగ్ ఎందుకు?

డెక్ కింద పెట్రోలు ట్యాంకు, పైన పెట్రోలు పోసే ఇత్తడి మూతి, రెంటినీ కలుపుతూ రబ్బరు గొట్టం. చాలా చిన్న మోటారు పడవల్లో అమరిక ఇదే. ఆ గొట్టం పక్కనే మూతి నుంచి ట్యాంకుకు, అక్కడి నుంచి ఇంజనుకు ఒక సన్నటి ఎర్త్ తీగ వెళుతుంది. ఇంజను నడవడానికి ఆ తీగతో పనిలేదు. అది ఊడిపోయినా పడవ ఎప్పటిలాగే పరుగెడుతుంది. చిక్కంతా అక్కడే.

పెట్రోలు గొట్టంలో పారేటప్పుడు గోడలను రాసుకుంటూ విద్యుదావేశాన్ని మోసుకొస్తుంది. చలికాలంలో స్వెట్టర్ విప్పితే చిటపటలాడే స్థిర విద్యుత్తు లాంటిదే ఇది. పెట్రోలు, రబ్బరు, ఫైబర్‌గ్లాస్ ఏవీ మంచి విద్యుద్వాహకాలు కావు. తీగ లేకపోతే ఆవేశం బయటికి పోయే దారిలేక లోహపు మూతి మీద పేరుకుంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మూతి కెపాసిటెన్స్ 20 పికోఫారడ్లు, దాని మీదికి చేరే విద్యుత్తు మైక్రోఆంపియర్‌లో నూరోవంతు అనుకుంటే, పది సెకన్లలో 5,000 వోల్టులు తయారవుతాయి. అందులోని శక్తి 0.25 మిల్లీజౌలే. చేతికి తగిలినా మనిషి గమనించకపోవచ్చు. కానీ గాలిలో తగిన పాళ్లలో కలిసిన పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి సుమారుగా అంతే చాలు. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు, నాలుగు రెట్లు బరువు. రోడ్డు పక్క బంకులో గాలికి చెదిరిపోయేది, పడవలో అడుగుకు దిగి గిన్నెలో నీళ్లలా నిలుస్తుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో డీజిల్ అంతగా ఆవిరికాదు కాబట్టి దానితో ఈ భయం చాలా తక్కువ.

నీటి మీద తేలే పడవకు ఎర్త్ ఎక్కడిది? ఇంజను, షాఫ్టు, ప్రొపెల్లర్ మీదుగా నీరే ఎర్త్. అమెరికా పడవల నిబంధనల ప్రకారం పెట్రోలు తగిలే ట్యాంకు, మూతి వంటి లోహ భాగాలకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం 100 ఓముల లోపే ఉండాలి. నిజానికి స్థిర విద్యుత్తు వదలడానికి పది లక్షల ఓములున్నా సరిపోతుంది. పై లెక్కలో అప్పుడు మూతి మీద నిలిచేది వోల్టులో నూరోవంతే. అయితే బిగువుగా ఉన్న రాగి తీగ ఒక ఓమైనా చూపదు. హద్దు తక్కువగా ఉంటే, ఉప్పుగాలికి చిలుము పట్టిన జాయింటును మల్టీమీటరు ముందే పట్టిస్తుంది.

ఎక్కువగా తప్పు జరిగేది మరమ్మతులోనే. పాత గొట్టం మార్చినవారు తీగను తిరిగి బిగించడం మరచిపోతారు. లేదా గొట్టానికీ పైపుకూ మధ్య ఇరికించి క్లాంపు బిగిస్తారు. అలా చేస్తే తీగ చేసిన సందులోంచి పెట్రోలు కారుతుంది, ఇది మరీ ప్రమాదం.

ఆంధ్ర తీరంలో అవుట్‌బోర్డు ఇంజను బిగించిన ఫైబర్ పడవలు చాలా ఉన్నాయి. డెక్ కింద ట్యాంకు లేకుండా విడి డబ్బాతో నడిచే ఇంజనుకు ఈ తీగే ఉండదు. అక్కడ చేయవలసింది, డబ్బాను పడవలోంచి దించి నేల మీద పెట్టి, నాజిల్‌ను డబ్బా అంచుకు ఆనించి ఉంచి, నెమ్మదిగా నింపడం.