2009 నాటి జీఎస్టీ బిల్లు

“అన్నా, నెట్ వస్తాంది గానీ బ్యాంకుది తెరుచుకోవడంలే” అని ధర్మవరం నుంచి ఫోను. పట్టుచీరల అంగడి. కింద మూలన తేదీ చూడప్పా అన్నాను. 2009 జనవరి 1 అట. ఆ పొద్దు అప్పటికే రెండు బిల్లులు అదే తేదీతో బయటికి పోయాయి. జీఎస్టీ వచ్చిందే 2017 జులైలో!

హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే నాకు ఈ రోగం బాగా తెలుసు. కరెంటు తీసేసినా గడియారం నడిచేది బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత సెల్లుతో. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. అది చచ్చిపోతే తేదీ చాలామటుకు బోర్డు తయారైన కాలానికి పోతుంది. బ్యాంకు పేజీ చూపే సర్టిఫికెట్టుకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది. 2009లో ఉన్నాననుకునే కంప్యూటరు దాన్ని ఎట్లా నమ్ముతుంది?

నెట్ నుంచి టైమ్ తెచ్చుకోదా అంటారు. తెచ్చుకుంటుంది, కానీ విండోస్ మామూలుగా 15 గంటలకు మించిన తేడాను తనంతట దిద్దదు. ముందు మనమే చేత్తో దగ్గరికి తేవాలి. సీఎండీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డేట్ అని కొడితే, ఉన్న తేదీ చూపించి కొత్తది అడుగుతుంది. బ్రాకెట్లో ఎంఎం ముందుందా, డీడీ ముందుందా చూడకుండా కొట్టొద్దు. మే 4 కాస్తా ఏప్రిల్ 5 అయిపోతుంది. తర్వాత టైమ్. ఆపైన డబ్ల్యూ32టీఎం, ఖాళీ వదిలి స్లాష్ రీసింక్ కొడితే సెకండ్లతో సహా సర్దుకుంటుంది.

పెనుకొండలో ఒకరింట్లో వేరే కథ. ఒకే మిషన్లో విండోస్, ఉబుంటు రెండూ. ఉబుంటు వాడి మూసిన ప్రతిసారీ విండోస్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. పాపం, మూడు సెల్లులు కొన్నారు. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టగానే మన టైమ్, గ్రీనిచ్ టైమ్, బోర్డు టైమ్ వరసగా కనబడ్డాయి. తప్పెక్కడో వాళ్ల పిల్లోడే పట్టుకున్నాడు. అదే మాట పక్కన సెట్-లోకల్-ఆర్టీసీ 1 అని చేరిస్తే రెండిటికీ పొత్తు కుదిరింది.

ధర్మవరంలో సెల్లు మార్చి, ప్లగ్గు పీకేసి పావుగంట ఆగినాను. మళ్లీ పెట్టి టైమ్ స్లాష్ టీ కొట్టినాను. తెర మీదా గోడ గడియారంలోనూ 11:42. ఆ రెండు బిల్లులూ రద్దు చేయించి, నేనక్కడుండగానే మళ్లీ కొట్టించాను.