ఎవరింటోళ్లు? జన్యుశాస్త్రం అడుగుతున్న పాత ప్రశ్న

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోగానీ, జమ్మలమడుగు బస్టాండులోగానీ, పులివెందుల పెళ్లిపందిట్లోగానీ కొత్త మనిషి కనబడితే మాట మొదలయ్యేది ఇలాగే: "మీది యా ఊరు? ఎవరింటోళ్లు?" మనిషి జీనోం, అంటే జన్యు సమాచారం మొత్తం గాలించి జబ్బుల మూలాలు వెదికే శాస్త్రవేత్తలూ ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. లక్షల మంది రక్తం పోగేసినా, ఎవరికెవరు ఏమవుతారో తెలియకపోతే లెక్క తప్పుతోంది మరి. ఆ విశేషాలు కొన్ని.

146 నుంచి 54 లక్షలకు
జీనోం గాలింపు తొలి విజయాల్లో ఒకటి 2005 నాటిది. వయసు మీరాక చూపును దెబ్బతీసే మాక్యులా జబ్బు ఉన్నవాళ్లు 96 మంది, లేనివాళ్లు 50 మంది. అంతమందితోనే కీలక జన్యువు చిక్కింది. 2022లో ఎత్తు మీద జరిగిన అధ్యయనంలో 54 లక్షల మంది సమాచారం చేరింది. అప్పటికి అదే అతి పెద్దది. ఎత్తుతో ముడిపడిన 12,111 జన్యు తేడాలు అందులో బయటపడ్డాయి.

ఉగ్గాని జన్యువు
జనం పెరిగితే చిక్కులూ పెరుగుతాయి. పులివెందులలో వెయ్యి మందిని, శ్రీకాకుళంలో వెయ్యి మందిని తీసుకుని సీమ వంటకమైన ఉగ్గాని ఇష్టపడేవాళ్ల జన్యువు ఏదని వెదికారనుకోండి. ఒకటి కాదు, చాలా దొరుకుతాయి. అవి ఉగ్గానివి కావు, రెండు ప్రాంతాల పూర్వీకుల మధ్య ఉన్న తేడాలు. జబ్బుల వేటలోనూ ఇలాగే మోసపోవచ్చు. ఒకే తల్లిదండ్రుల పిల్లలను పోల్చి చూస్తే ఈ బెడద లేదు.

ముగ్గురుంటే చాలు
తల్లి, తండ్రి, జబ్బున్న బిడ్డ. 1993లో స్పీల్‌మన్ బృందం తెచ్చిన పరీక్షకు మూలం ఈ ముగ్గురే. తల్లికి ఒక జన్యువు రెండు రూపాల్లో ఉంటే, బిడ్డకు ఏది వస్తుందన్నది బొమ్మా బొరుసే. జబ్బున్న పిల్లలందరిలో ఒకే రూపం సగానికి మించి వస్తుంటే దాన్ని అనుమానించాలి. బిడ్డకు రానిదే పోలికకు పనికొస్తుంది కాబట్టి బయటివాళ్లతో పని లేదు. ఇన్సులిన్ జన్యువుకు, చిన్నతనంలో వచ్చే షుగర్‌కు ఉన్న లంకెను ఈ పద్ధతిలోనే చూపించారు.

అన్నదమ్ములు సరిసగం కాదు
తోబుట్టువుల జన్యువులు సగం కలుస్తాయంటారు. అది సగటు మాత్రమే. 2006లో వేల జంటలను కొలిస్తే కొందరిలో 37 శాతమే కలిసింది, కొందరిలో 62 శాతం దాకా కలిసింది. 2022లో 1,78,086 మంది తోబుట్టువులతో మరో అధ్యయనం జరిగింది. అన్నను తమ్ముడితో పోల్చేసరికి ఎత్తు మీద జన్యువుల ప్రభావం కొంచెమే తగ్గింది, చదువు మీద మాత్రం సగం దాకా తగ్గిపోయింది. చదువు విషయంలో జన్యువుల ఖాతాలో రాసిన దాంట్లో చాలా భాగం ఇంటి వాతావరణానిదీ పరిసరాలదీ కావచ్చన్నమాట.

ఇవ్వకుండానే ఇచ్చింది
2018లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఇంకో వింత చూశారు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు రాని జన్యువులు కూడా ఆ బిడ్డ చదువు మీద పనిచేస్తున్నాయి. వచ్చిన వాటి ప్రభావంలో వీటిది సుమారు 30 శాతం. పెంపకం దారిన అందినది ఇది.

ఊళ్లో తమ్ముడు, సిటీలో అన్న
మన దగ్గరా తోబుట్టువుల అధ్యయనం ఉంది. పల్లె వదిలి హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను జంటలుగా చేర్చారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చాందక్ బృందం ఈ జంటల్లో షుగర్‌కు సంబంధించిన 31 జన్యు తేడాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించింది.

మేనరికం లెక్క
2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి చుట్టరికాల్లోవే. మేనబావ, మేనమరదళ్లకు పుట్టిన బిడ్డలో సగటున 16వ వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ ఒకటే అయి ఉంటాయి. అక్క కూతుర్ని చేసుకుంటే 8వ వంతు. దాగి ఉన్న లోపాలు బయటపడేది ఇలాగే. ఇలాంటి కొద్దిమంది పిల్లలతోనే అరుదైన జబ్బు జన్యువును పట్టవచ్చని 1987లో లాండర్, బాట్‌స్టీన్ చూపించారు.

నూరు తరాల నాటి కట్టు
ప్రొద్దుటూరు వ్యాపారానికీ, అక్కడి దసరా వైభవానికీ ఆర్యవైశ్యులు పెట్టింది పేరు. 2009లో డేవిడ్ రైక్, కె. తంగరాజ్ తదితరులు దేశంలోని 25 సమూహాల జీనోం చూస్తే, వైశ్యుల మూలం నూరు తరాలకు పైగా వెనకటి కొద్దిమంది పూర్వీకుల దగ్గర తేలింది. మేనరికం లేకపోయినా అందరూ దూరపు చుట్టాలే. 2017 అధ్యయనంలో 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన ముద్ర ఫిన్లాండ్ వాసుల్లో కన్నా బలంగా ఉంది. కొన్ని మత్తు మందులను విరిచే ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఇతరుల కన్నా సుమారు నూరు రెట్లు ఎక్కువని కూడా అది గుర్తుచేసింది. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. ఈ లోపం ఉంటే గంటలు పట్టవచ్చు, అందాకా ఊపిరి యంత్రమే అందించాలి.

చెవి వెంట్రుకల తగువు
పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు. ఆంధ్రలో వంశవృక్షాలు గీసి, చెవులపై దట్టంగా వెంట్రుకలు రావడం తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోం ద్వారా దిగుతోందని 1960లో రాశారు. పాఠ్యపుస్తకాలూ ఎక్కించుకున్నాయి. 2004లో దక్షిణాది మగవాళ్ల వై క్రోమోజోం పరీక్షించాక ఆ వాదం నిలవలేదు. వంశవృక్షం ఒక్కటే చాలదు, జీనోం ఒక్కటే చాలదు, రెండూ కలవాలి.

పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని మూడు తరాల చుట్టరికాలు, జబ్బులు ఒక కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగడానికి చాలాసేపు పట్టి ఉంటే, తర్వాత ఎవరు ఆపరేషన్‌కు వెళ్లినా ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.