ఇంటి గదిలో సంగీత ముద్రణ: స్వల్పవ్యయముతో సాధనముల ఎంపిక

ఒకప్పుడు ధ్వనిముద్రణ అన్నచో అది కంపెనీవారి పని, లేదా ప్రభుత్వమువారి పని. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును ముద్రించినపుడు, ఆమె ఒక పెద్ద బూర యెదుట నిలిచి మూడు నిమిషములలో రాగమును ముగింపవలసి వచ్చెను. మన ప్రాంతమున దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆలిండియా రేడియోలో విలీనమైన తరువాత గూడ, ఒక విద్వాంసుని కచేరీ శాశ్వతముగ నిలువవలెనన్నచో స్టూడియో, ఇంజనీర్లు, బరువైన యంత్రములు కావలసియుండెను. నేడు ఆ పని ఒక మేజామీద అమరుచున్నది. మల్కాజ్‌గిరిలో రెండు గదుల వాటాలో ఉండి, పిల్లలకు వీణ నేర్పుచు సంసారము నడుపుకొను గృహిణి తలచుకొన్నచో, తన వాదనమును తానే చక్కగ ముద్రించుకొనగలదు.

అయితే తలచుకొనుటకును కొనుటకును నడుమ చాల దూరమున్నది. ట్యూషను రుసుములలో మిగిల్చిన ఏడాది సొమ్మును మొదటి వారములోనే ఖరీదైన మైకుమీద వెచ్చించి, ఆ మైకులో పంకా చప్పుడును వీధి కేకలును తప్ప వేరేమియు స్పష్టముగ వినబడుట లేదని నిరాశపడువారు పలువురు. మరియొక నష్టము ఇంతకంటె పెద్దది. ఇంటిలోని వృద్ధురాలికి వచ్చిన మంగళహారతులు, పెండ్లిపాటలు ఆమె కంఠములోనే ఉన్నవి. మంచి సామాను కొన్న తరువాత చూతమని వాయిదా వేయుచుండగ ఆ కంఠము వణుకబట్టును. కావున ఏది ముందు కొనవలెను, ఏది కొననక్కరలేదు అను విచారము కేవలము యంత్రములను గూర్చిన విచారము కాదు.

మొట్టమొదట కొనవలసినది ఏదియు లేదు. మొదట గదిని చూచుకొనవలెను. మన ఇండ్లలో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదులు విశేషము. ధ్వనికి ఇంతకంటె చెడ్డ ఆకారము లేదు. పది అడుగుల దూరమున ఎదురెదురుగ నున్న గోడల నడుమ సెకనుకు సుమారు 56 కంపనముల ధ్వనియు, దానికి రెట్టింపైన 112 కంపనముల ధ్వనియు ఉబ్బి నిలుచును. మూడు కొలతలును సమానమైనచో మూడు దిక్కుల ఉబ్బును ఒకే స్వరముమీద పడును. పురుషగాయకుడు మంద్రస్థాయికి దిగినపుడు ఒక్క స్వరము మాత్రము కుండలో పలికినట్లు తోచుటకు కారణమిదియే. అట్టి గదికంటె, పుస్తకముల బీరువా, పరుపు, బట్టల దండెము నిండియున్న పొడవాటి పడకగది ఎంతో మేలు.

గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించు అలవాటొకటి వ్యాపించినది. వానివలన ప్రయోజనము దాదాపు శూన్యము. అంగడిలో అమ్ము పలుచని నల్లని స్పాంజి ముక్కలు హెచ్చుస్థాయి ధ్వనులను కొంత పీల్చునుగాని, మంద్రధ్వనులను తాకనైన తాకవు. ఇక్కడ ఒక భేదము గుర్తింపవలెను. గదిలోని ప్రతిధ్వనిని పీల్చుట వేరు, బయటి శబ్దమును లోనికి రానీయకుండుట వేరు. మొదటిది బొంతలతో సాధ్యము. పాత దూదిబొంతలు రెండు, గోడకు ఆనించక జానెడు దూరమున వ్రేలాడదీసినచో, పాడువాని వెనుకనుండియు ప్రక్కనుండియు వచ్చు ప్రతిధ్వని చాలవరకు అణగును. రెండవది, అనగా శబ్దనిరోధము, బరువైన గోడలతోను సందులేని తలుపులతోను గాని సిద్ధింపదు. అది అద్దె ఇంటివారికి సాధ్యము కాదు. దానికి మందు వేళను ఎంచుకొనుటయే. మల్కాజ్‌గిరి రైల్వే స్టేషనుకు దాపుననున్నవారికి ఏ బండి ఎప్పుడు పోవునో గడియారము చూడకయే తెలియును. ఆ తెలివి ఇక్కడ వేల రూపాయల సామానుకు సమానము. తెల్లవారుజామున, వాహనములును నీటి మోటార్లును మేల్కొనకమునుపు, పంకా ఆపి పాడుకొనవలెను. మే నెలలో పంకా ఆపుట శిక్షయే, కాని వేరు దారి లేదు.

ఇక మైకు. అవి ముఖ్యముగ రెండు తెగలు. డైనమిక్ మైకులో పలుచని పొరకు అంటియున్న తీగచుట్ట అయస్కాంతపు పరిధిలో కదలి విద్యుత్తును పుట్టించును. 1966లో వెలువడిన షూర్ ఎస్.ఎం.58 ఈ తెగలోనిది. నేటికిని అమ్ముడగుచున్నది, క్రింద పడినను చెడదు. కండెన్సరు మైకులో అతి తేలికయైన పొర ఒక లోహపుపలక యెదుట కంపించును. దీనికి సాధారణముగ తీగెద్వారా 48 వోల్టుల విద్యుత్తు అందింపవలెను. అతి సూక్ష్మధ్వనులను, గమకపు చివరి వణకును ఇది చక్కగ పట్టుకొనును. ఆడియో టెక్నికా ఎ.టి.2020 వంటివి స్వల్పవ్యయములో దొరకు కండెన్సరులు.

డైనమిక్ మైకు చుట్టుపట్ల శబ్దములను వినదనియు, కండెన్సరు సమస్తమును వినుననియు లోకప్రతీతి. ఇది పూర్తిగ నిజము కాదు. డైనమిక్ మైకును నోటికి నాలుగు అంగుళముల దూరమున పట్టుకొందురు, కండెన్సరును రెండడుగుల దూరమున నిలుపుదురు. అసలు రహస్యము ఆ దూరములోనే ఉన్నది. దూరమును సగము చేసినచో పాట 6 డెసిబెల్లు హెచ్చును. గది రొద మాత్రము ఉన్నంతయే ఉండును. కావున రొదగల గదిలో ఏ మైకైనను దగ్గర చేర్చవలెను. మరీ దగ్గరైనచో మంద్రధ్వని ఉబ్బును గనుక, కంఠమునకు ఆరు మొదలు పది అంగుళములు మంచి దూరము. నోటికి సూటిగ గాక రవంత ప్రక్కగ నిలిపినచో ప, భ అక్షరముల ఊదర తగ్గును. పాటకు మాత్రమే, అందును వీధిమీది గదిలో, డైనమిక్ చాలును. వీణ, వయొలిన్ ముద్రింపగోరువారు కండెన్సరు కొనుటయే యుక్తము.

వీణను గూర్చి ఒక మాట. రైలు పోవునపుడు నేలద్వారా ప్రాకివచ్చు గుర్రును తొలగించుటకు, 80 కంపనములకు దిగువ ధ్వనిని కోసివేయు మీట కొన్ని మైకులకుండును. ఒకటవ శ్రుతిలో పాడు పురుషుని మంద్రపంచమము సుమారు 98 కంపనములు గనుక గాయకులకు ఈ మీట నిరపాయము. వీణమాట వేరు. మూడవ శ్రుతికి కట్టిన వీణలో అనుమంద్రపు తీగె సుమారు 62 కంపనములలో పలుకును. మీట వేసినచో బొబ్బిలి పనసకర్ర గాంభీర్యములో అడుగుభాగము పోవును. వీణవారు మీట జోలికి పోక, స్టాండు కాళ్లక్రింద మడతపెట్టిన కంబళి వేసికొనుట మేలు.

మైకు తరువాత, దాని విద్యుత్తును అంకెలుగ మార్చి కంప్యూటరునకందించు పెట్టె కావలెను. దీనినే ఆడియో ఇంటర్‌ఫేస్ అందురు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటి ఒక మైకు పెట్టె ఒంటరి కళాకారునకు చాలును. వీణకును మృదంగమునకును వేర్వేరు మైకులు కావలెనన్నచో రెండు మైకుల పెట్టె తీసికొనవలెను. ఎనిమిది మైకుల పెట్టెపై మోజుపడుట వ్యర్థము. 24 బిట్లలో ముద్రించు సౌకర్యమున్నదో లేదో చూచుకొనవలెను. 16 బిట్లలో శబ్దపు హెచ్చుతగ్గుల అవకాశము సిద్ధాంతరీత్యా సుమారు 96 డెసిబెల్లు, 24 బిట్లలో 144. దీని ప్రయోజనము ఏమనగా, ముద్రణమట్టమును భయము లేక తగ్గించి ఉంచవచ్చును. ముల్లు గరిష్ఠమునకు 12 డెసిబెల్లు క్రిందనే ఆడుచుండవలెను. తారస్థాయి సంగతి ఒక్కసారి హద్దు దాటి పగిలినచో దానిని ఏ యంత్రమును అతుకలేదు.

చెవులను కప్పు హెడ్‌ఫోను మూడవ వస్తువు. ఎలక్ట్రానిక్ తంబురను గదిలో మ్రోగనీయక, హెడ్‌ఫోనులో వినుచు పాడినచో శ్రుతి విడిగ నిలుచును, పాట విడిగ నిలుచును. తరువాత పాళ్లు సరిచూచుకొనవచ్చును. ఈ మూడును, స్టాండు, తీగెతో కూడ, 20 నుండి 25 వేల రూపాయలలో అమరును. కంప్యూటరు ఇంట నున్నదను లెక్కన ఈ మాట చెప్పుచున్నాను. అంతయు లేనివారు ముందు ఇంటర్‌ఫేసును మంచిది కొని, మైకును చవుకది కొనవచ్చును. స్పీకర్లను మాత్రము చివరకు నెట్టవలెను. సరిచేయని గదిలో మంచి స్పీకరు గూడ అబద్ధమే చెప్పును.

మన ఇండ్లలో ముద్రణను చెరచు మరియొక శత్రువు 50 కంపనముల విద్యుత్ రొద. మూడు ముళ్ల మైకుతీగెలో ఒకే సంకేతము రెండు తీగలలో ఒకదానికొకటి వ్యతిరేకముగ ప్రయాణించును. దారిలో రెండింటిలోను సమానముగ దూరిన రొద చివర కొట్టివేయబడును. కావున ఆ తీగెనే వాడవలెను. అప్పటికిని రొద వచ్చినచో, ఎర్తు సరిగలేని సాకెట్టునో ల్యాప్‌టాప్ ఛార్జరునో అనుమానింపవలెను. ఛార్జరును ఊడదీసి బ్యాటరీమీద నడిపినంతనే రొద మాయమగుట తరచు చూచు విషయమే. కరెంటు పోయి ఇన్వర్టరు నడుచుచున్నపుడు ముద్రణ పెట్టుకొనరాదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కంప్యూటరు సామాను, కోఠిలోని గుజరాతీ గల్లీలో మైకులు, తీగెలు చూచి బేరమాడవచ్చును. పోవునపుడు మీ హెడ్‌ఫోను వెంట తీసికొనిపోవుడు. మైకు తగిలించి, మాటాడక, మట్టము హెచ్చించి వినుడు. ఆ నిశ్శబ్దములో బుస యెంత యున్నదో దానినిబట్టి పెట్టె యోగ్యత తెలియును. కంపెనీపేరు గల మైకులకు నకళ్లు హెచ్చు గనుక, బిల్లు లేని చవుకబేరమునకు లోబడకుడు.

ముద్రించుటకు ఆడాసిటీ అను ప్రోగ్రాము ఉచితముగ లభించును. ఒంటికంఠమును 24 బిట్లలో, సెకనుకు 48,000 నమూనాల చొప్పున ముద్రించినచో నిమిషమునకు సుమారు 8.6 మెగాబైట్లు, గంటకు 520 మెగాబైట్లు స్థలము పట్టును. అవ్వ పాటలకు ఈ సామానంతయు సమకూరువరకు ఆగనక్కరలేదు. చేతిలోని ఫోనును ఆమెకు అడుగు దూరమున మెత్తని గుడ్డమీద ఉంచి, పంకా ఆపి, ముందుగ ఆమె పేరు, ఊరు, పాట నేర్చిన విధము చెప్పించి, ఈ వారమే మొదలుపెట్టుడు. ముద్రించిన దినముననే రెండు నకళ్లు తీయవలెను. ఒకటి ఇంటిలోని డిస్కులో, రెండవది వేరొక ఊరిలో నున్న బంధువుల ఇంట.