కూత పెట్టేది ఆటగాడు, గీత గీసేది ఎవరు?

సంక్రాంతి సెలవులకు వేములవాడ చుట్టుపక్కల ఊర్లల్ల కబడ్డీ పోటీలు చూసినవాళ్లకు ఈ సీను కొత్తది కాదు. కూతకు పోయిన పిలగాడు పక్క గీత దాటిండా లేదా అని లొల్లి మొదలైతది. ఒకడు "ముట్టిండు" అంటడు, ఇంకొకడు "ముట్టలే" అంటడు. చివరికి ఊర్లో పెద్దమనిషి ఎవరో లేచి "గీ పాయింటు వీళ్లకే, ఆడుండ్రి" అంటే ఆట మళ్లీ నడుస్తది. ఆ పెద్దమనిషి మాట అందరూ ఒప్పుకుంటరు కాబట్టి ఆట ఆగదు.

ఇప్పుడు ఇదే లొల్లి రెండు దేశాల మధ్య వస్తే? అక్కడి పెద్దమనిషి పేరే అంతర్జాతీయ సమాఖ్య. మనం ఆటగాళ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం కానీ ఈ సమాఖ్యల గురించి పట్టించుకోం. అది సరిగ్గా నడవకపోతే ఏమవుతుందో కబడ్డీ కథ చూస్తే అర్థమవుతుంది.

ఒక గంట ఆగిన ఫైనల్

2023 అక్టోబర్ 7, చైనాలోని హాంగ్‌జౌ. ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్, ఇండియా, ఇరాన్. స్కోరు 28-28. ఇంకా నిమిషం పైచిలుకే ఉంది. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు పోయిండు. తెలుగు టైటాన్స్ అభిమానులకు ఈయన్ని పరిచయం చేయక్కర్లేదు. పవన్ ఎవరినీ ముట్టకుండానే లాబీలోకి అడుగు పెట్టిండు. ఆయన్ని పట్టుకోబోయి ఇరాన్ డిఫెండర్లు కూడా వెంటబడి లాబీలోకి వచ్చారు.

ఇక్కడే చిక్కు. లాబీ అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే సన్నని పట్టీ. రైడరుకూ డిఫెండరుకూ స్పర్శ జరిగాకే అది ఆటలోకి వస్తుంది. స్పర్శ లేకుండా అడుగు పెడితే ఔటే. మరి ఆ రైడర్ వెనకాల వచ్చిన డిఫెండర్లు? అంతర్జాతీయ సమాఖ్య పాత నిబంధన ప్రకారం వాళ్లూ ఔటే. ప్రో కబడ్డీ లీగులో మార్చిన నిబంధన ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. అంటే మన ఇండ్లల్ల టీవీలో ఏళ్లుగా చూస్తున్న రూలు ఒకటి, ఆసియా క్రీడల్లో ఆడుతున్న రూలు ఇంకొకటి.

రెఫరీలు ఒక నిర్ణయం చెప్పి మళ్లీ మార్చారు. ఒకసారి మన ఆటగాళ్లు కోర్టులో కూర్చుంటే, ఇంకోసారి ఇరాన్ వాళ్లు కూర్చున్నారు. ఆట దాదాపు గంటసేపు ఆగింది. చివరికి ఇండియాకు మూడు, ఇరాన్‌కు ఒకటి పాయింట్లు ఇచ్చారు. 33-29తో బంగారం మనకే వచ్చింది. మనం సంబరపడ్డాం. కానీ ఒక్కసారి ఇరాన్ పిల్లల జాగాలో నిలబడి ఆలోచించండి. ఏండ్ల కష్టం, ఒక వాక్యాన్ని ఎట్లా చదవాలన్న దాని మీద తేలింది. ఆ వాక్యం అందరికీ ఒకటే అయ్యేలా చూడటం, దాన్ని రెఫరీలకు ఒకేలా నేర్పడం, ఇవి సమాఖ్య మొదటి పని.

సమాఖ్య అసలు ఏం చేస్తుంది?

మన భాషలో చెప్పాలంటే సమాఖ్య ఒక ఆపరేటింగ్ సిస్టమ్ లాంటిది. పనిచేసినంతసేపు కనబడదు, ఆగిపోతేనే గుర్తొస్తుంది. నిబంధనల పుస్తకం రాయాలి. కోర్టు కొలతలు చెప్పాలి. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మహిళలకు 12, 8 అన్నది అట్లా ఖాయమైందే. బరువు పరిమితి పెట్టాలి. రెఫరీలకు శిక్షణ ఇవ్వాలి. మందులు వాడారేమో పరీక్షలు చేయించాలి. ప్రపంచకప్ ఏ దేశం జరపాలో, ఎప్పుడు జరపాలో తేల్చాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైంది గుర్తింపు. ఒక దేశం తరఫున ఏ సంఘం జట్టును పంపాలో చెప్పేది అంతర్జాతీయ సమాఖ్యే. జిల్లా సంఘం రాష్ట్ర సంఘంలో, రాష్ట్ర సంఘం జాతీయ సంఘంలో, జాతీయ సంఘం అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యులు. సిరిసిల్ల జిల్లాలో ఆడే ఒక అమ్మాయి ఇండియా జెర్సీ వేసుకోవాలంటే ఈ గొలుసులో ప్రతి లంకె గట్టిగా ఉండాలి. ఒక్కటి తెగినా కింద ఉన్న ఆటగాళ్లే పడిపోతారు.

లంకె తెగిన రోజులు

మన జాతీయ కబడ్డీ సమాఖ్యలో జరిగింది అదే. జనార్దన్ సింగ్ గెహ్లాట్ దాదాపు 28 ఏండ్లు దాని అధ్యక్షుడిగా ఉన్నారు. కబడ్డీని 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లోకి తేవడంలో, 2004లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టడంలో ఆయన పాత్ర చిన్నది కాదు. ఆ మాట చెప్పుకోవాలి. కానీ తర్వాత ఆయన్ని జీవితకాల అధ్యక్షుడిగా, ఆయన భార్యను అధ్యక్షురాలిగా చేశారు. ఆ నియామకాలు చెల్లవని 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సంఘాన్ని నడపడానికి ఒక అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టింది.

కోర్టు చేసింది న్యాయమే. కానీ కొత్త పాలకవర్గం చేతికి పగ్గాలు రావడానికి ఏండ్లు పట్టింది. 2023 డిసెంబరులో ఎన్నికలు జరిగినా అధికారం అప్పగించలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని సంఘాన్ని అంతర్జాతీయ సమాఖ్య గుర్తించలేదు. దెబ్బ ఎవరికి తగిలింది? 2025 మార్చిలో ఇరాన్‌లో మహిళల ఆసియా చాంపియన్‌షిప్ ఉంది. గుర్తింపు లేకపోతే మన జట్టుకు అందులో చోటు లేదు. ఇద్దరు క్రీడాకారిణులు సుప్రీంకోర్టుకు పోయారు. ఫిబ్రవరిలో కోర్టు, ఎన్నికైన పాలకవర్గానికి బాధ్యతలు అప్పగించమని ఆదేశించింది. జట్టు టెహ్రాన్ పోయింది, ఫైనల్లో ఇరాన్‌నే 32-25తో ఓడించి కప్పు తెచ్చింది.

ఆ రెండు నెలల్లో కోర్టు తీర్పు కొంచెం ఆలస్యమై ఉంటే? ఆటగాళ్ల వయసు ఎవరి కోసమూ ఆగదు. మనకు ఒక సెమిస్టర్ పోతే సప్లీ రాసుకుంటాం. వాళ్లకు ఒక సీజన్ పోతే సప్లీ ఉండదు.

మన దగ్గరికి రావాల్సిన ప్రపంచకప్

మహిళల తొలి కబడ్డీ ప్రపంచకప్ 2012లో పట్నాలో జరిగింది. ఫైనల్లో ఇండియా ఇరాన్‌ను 25-19తో ఓడించింది. రెండోది జరగడానికి పదమూడేండ్లు పట్టింది. 2025లో అది మన హైదరాబాద్‌లోనే జరుగుతుందని ప్రకటించారు కూడా. చివరికి నవంబరులో ఢాకాలో జరిగింది. ఇండియా చైనీస్ తైపీని 35-28తో ఓడించి మళ్లీ గెలిచింది. సంతోషమే. కానీ పదమూడేండ్ల గ్యాపులో ఒక తరం మొత్తం ప్రపంచకప్ ఆడకుండానే ఆట మానేసింది. చాంపియన్‌షిప్ అంటే మ్యాట్లు, వీసాలు, హోటళ్లు, స్పాన్సర్లు మాత్రమే కాదు. ఫలానా ఏడు తప్పకుండా జరుగుతుందనే నమ్మకం కూడా.

ఇంకో తమాషా వినండి. అదే 2025 మార్చిలో ఇంగ్లండులో వేరే కబడ్డీ ప్రపంచకప్ జరిగింది. దాన్ని నడిపింది వేరే సమాఖ్య. పురుషుల ఫైనల్లో ఇండియా పేరుతో ఆడిన జట్టు ఇంగ్లండును 44-41తో ఓడించింది. ఒకే ఆటకు రెండు సమాఖ్యలు, రెండు ప్రపంచకప్పులు! పంజాబ్‌లో ఆడే సర్కిల్ కబడ్డీ ప్రపంచకప్పులు ఇంకో దారి. "ప్రపంచ చాంపియన్ ఎవరు" అంటే "ఏ ప్రపంచం?" అని ఎదురు అడగాల్సిన పరిస్థితి.

క్రోకే వాళ్లను చూసి

క్రోకే అనే ఆట ఉంది. పచ్చిక మీద కొయ్య సుత్తితో బంతిని కొట్టి, చిన్న కమాన్ల గుండా పంపాలి. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడించారు, తర్వాత తీసేశారు. పెద్ద డబ్బు లేదు, టీవీ లేదు. 1986లో దానికి ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. ఆ ఆటకూ కబడ్డీ లాగే వేర్వేరు పద్ధతులున్నాయి. అసోసియేషన్ క్రోకేకు 1989 నుంచి, గోల్ఫ్ క్రోకేకు 1996 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరుపుతున్నారు. రెండూ ఒకే సమాఖ్య కింద. గోల్ఫ్ క్రోకేలో ఈజిప్టు వాళ్లు దశాబ్దాలుగా దుమ్ము లేపుతున్నారు. ఇంగ్లండు తోటల్లో పెరిగిన ఆటలో కైరో పిల్లలు గెలుస్తున్నారంటే, ఆ గీతలు అందరికీ ఒకటే కాబట్టి.

కబడ్డీకి వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ జనం ఉన్నారు, లీగు ఉంది, డబ్బు ఉంది. లేనిది ఇంటి పెద్దరికం.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. క్రీడా సంఘాల గొడవలకు ప్రత్యేక ట్రిబ్యునల్, పాలకవర్గాల్లో ఆటగాళ్లకు చోటు అందులో ఉన్నాయి. కాగితం మీద మంచిదే. అమలు ఎట్లుంటదో చూడాలి.

మనలో చాలామంది రేపు ఇలాంటి సంఘాల్లోనే ఏదో ఒక పని చేస్తాం. స్కోరింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం, వీడియో రివ్యూ కెమెరాలు పెడతాం, లేదా కాలేజీ స్పోర్ట్స్ కమిటీలో సంతకాలు చేస్తాం. అప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకుందాం. ఆట మొదలయ్యాక గీత గీస్తే అది గీత కాదు, గొడవ. మా ఊరి పెద్దమనిషికి రూల్ బుక్ తెలియదు. కానీ కూత మొదలయ్యే ముందే సున్నంతో గీతలు పోయించి, రెండు జట్లనూ పిలిచి "ఇగో, గిదీ హద్దు" అని చూపించేటోడు.