ఎండలో కారు, సీసాలో నీరు

మే నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి కారు తలుపు తీశాము. పొయ్యి సెగలాంటి వేడి ముఖాన కొట్టింది. సీటు మీది ప్లాస్టిక్ సీసాలో నీళ్లు కాగినట్టున్నాయి. దాహమంటున్న పాపకు అవి తాగించవచ్చా? పక్కనే ఉన్న జ్వరం సిరప్ మాటేమిటి?

నీళ్ల సీసాలు ఎక్కువగా పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని తయారీలో వాడే ఆంటిమొని వేడి పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతుంది. అమెరికాలోని అరిజోనా పరిశోధకులు 2008లో ప్రకటించిన ప్రకారం, ఆ దేశం తాగునీటికి పెట్టిన హద్దు దాటడానికి ఎడతెగని 60 డిగ్రీల వేడిలో 176 రోజులు, 80 డిగ్రీలలో 2.3 రోజులు పడుతుంది. కనుక రెండు గంటలు కారులో ఉన్న, మూత తీయని సీసాకు భయపడనక్కరలేదు. అయితే వేసవి అంతా డిక్కీలో నిల్వ ఉంచడం తగదు. నోరు పెట్టి తాగిన సీసాలో క్రిములు పెరుగుతాయి, ఆ నీరు పారబోయండి.

అసలు జాగ్రత్త పాలకూ మందులకూ కావాలి. వేడి కారులో ఉండిపోయిన పాలు బిడ్డకు పట్టకండి. చాలా సిరప్‌లను 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని సీసా మీదే రాసి ఉంటుంది. బయట 35 డిగ్రీలుంటే, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 50 దాటగలదు. మందు బలం తగ్గినా రంగు, రుచి మారకపోవచ్చు. అందుకే ఆ రోజు మేము సిరప్ పారవేసి కొత్తది కొన్నాము.

ప్రియ తలిదండ్రులారా, మందిరం దగ్గర కారు దిగేటప్పుడు బైబిలుతోపాటు నీళ్లు, పాలు, మందు కూడా లోపలికి తెచ్చుకుందాం. దేవుడు మనకు అప్పగించిన బిడ్డల విషయంలో ఈ చిన్న జాగ్రత్త కూడా నమ్మకత్వమే.