మిగులు కూరగాయలకు పది దినముల ఊరగాయ

మెట్ట ప్రాంతమున కాపు ఉద్ధృతముగా వచ్చు దినములలో ప్రతి ఇంటను ఒకే చిక్కు కనబడును. దొడ్డిలోని దోసపాదు ఒక్కసారిగా కాయును. ముల్లంగి మడి అంతయు ఒకే వారములో పీకవలసి వచ్చును. సంతకు తీసికొనిపోయినచో బుట్ట మోసిన కూలియైనను రాదు. ఇరుగుపొరుగులకు పంచగా మిగిలినది పశువుల పాలగుచున్నది. కామవరపుకోట పరిసరములలో ఈ దృశ్యమును నేను చిరకాలముగా చూచుచున్నాను. తాడేపల్లిగూడెమునకు సమీపమున వెంకట్రామన్నగూడెములో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము స్థాపింపబడినదనిన, కాయగూరలకు, పండ్లతోటలకు ఈ సీమ ఎంత అనువైనదో తెలియగలదు. పండించుట మనకు చేతనగును. పండిన దానిని నాలుగు దినములు నిలుపుకొనుటయే కష్టము.

ఇప్పుడు పల్లెలలో సైతము పలు ఇండ్లలో ఫ్రిజ్ కలదు. అందువలన గృహిణులు మిగిలిన కూరగాయలను కొద్ది ఉప్పు, కారము, పులుపు చేర్చి ఫ్రిజ్‌లో ఊరవేయుచున్నారు. ఇది మంచిదా, చెడ్డదా అని పలువురు నన్ను అడుగుచున్నారు. పద్ధతి తెలిసి చేసిన మంచిది, తెలియక చేసిన ప్రమాదము. ఆ పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

జాడీ ఊరగాయ వేరు, ఫ్రిజ్ ఊరగాయ వేరు

మన మామిడి ఆవకాయ సంవత్సరము నిలుచుటకు ఉప్పు ప్రధాన కారణము. ఉప్పు ముక్కలోని నీటిని లాగివేయును. కాయలోని పులుపు క్రిములను పెరుగనీయదు. ఆవపిండి తడి తగులగానే ఘాటైన తైలమును విడుచును. అదియు క్రిములకు విరోధియే. పైన తేలు పప్పునూనె గాలిని అడ్డగించును. ఈ నాలుగు కావళ్ళు ఉన్నందుననే జాడీని అటకమీద పెట్టినను చెడదు.

ఫ్రిజ్ ఊరగాయలో ఉప్పు తక్కువ, నూనె తక్కువ, నీరు ఎక్కువ. దానిని కాపాడునది చలువ, పులుపు, ఈ రెండే. చలువ క్రిములను చంపదు. వాటి పెరుగుదలను మందగింపజేయును, అంతియే. కావున ఆవకాయ జాడీకి ఇచ్చిన నమ్మకమును ఈ సీసాకు ఈయరాదు. ఈ ఒక్క భేదము గ్రహించినచో తక్కిన నియమములన్నియు సులభముగా బోధపడును.

శాస్త్రము ఏమనుచున్నది?

నిలువ ఆహారము పర్యుషితము, తామసము. వైద్యులై యుండి మీరు దీనిని ఎట్లు సమర్థింతురని కొందరు పెద్దలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. మన కామవరపుకోట మండలములోనే జీలకర్రగూడెము వద్ద గుంటుపల్లి గుహలు కలవు. అట్టి విహారములలో నివసించిన బౌద్ధ భిక్షువులకు ఆహారమును మరునాటికి దాచుకొనరాదని వినయ నియమము ఉండెడిది. కాని గృహస్థునకు ధర్మశాస్త్రమే కొంత వెసులుబాటు నిచ్చినది. మనుస్మృతి ఐదవ అధ్యాయము పులిసిన పదార్థములను నిషేధించుచునే, పెరుగును, పుష్ప మూల ఫలములతో ఊరవేసిన వాటిని మినహాయించినది.

ఆయుర్వేదములో దుంపలను, వేళ్ళను, కాయలను పులియబెట్టిన ద్రవములో ఊరవేయుటకు ‘ఆసుతము’ అని పేరు. ముల్లంగి ఆకుల రసమునకు ఆవపిండి చేర్చి పులియబెట్టు ‘శండాకి’ని భావప్రకాశము సంధాన వర్గములో వర్ణించినది. అనగా ముల్లంగికి ఆవపిండి జోడించుట నేటి వంటల పుస్తకముల కల్పన కాదు. ఇవి రుచిని పుట్టించును, అగ్నిని దీపింపజేయును. అయితే పిత్తమును, రక్తమును ప్రకోపింపజేయును. కావున ఇవి ఆహారమునకు తోడే గాని ఆహారము కావు.

ఉప్పు విషయమున చరకుడు స్పష్టముగా హెచ్చరించినాడు. విమానస్థానము మొదటి అధ్యాయములో పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని మితిమీరి వాడరాదని చెప్పి, లవణమును అతిగా సేవించువారికి దేహశైథిల్యము, అకాలమున వెండ్రుకలు నెరయుట, బట్టతల, ముడుతలు కలుగునని వివరించినాడు. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. రెండు మాటలకును సారము ఒకటే.

ఉప్పు లెక్క

ఒక కిలో మామిడి ముక్కలకు ఉప్పు, కారము, ఆవపిండి ఒక్కొక్కటి 250 గ్రాములు, నూనె 350 గ్రాములు వేసితిమనుకొనుడు. మొత్తము 2,100 గ్రాములు. అందు ఉప్పు సుమారు 12 శాతము. ఒక ముక్క, కొంచెము గుజ్జు కలిసి 20 గ్రాములు వడ్డించుకొన్నచో దాదాపు 2.4 గ్రాముల ఉప్పు లోనికి పోవును. దినమంతటికి తగిన ఉప్పులో సగము ఆ ఒక్క ముక్కలోనే వచ్చినది. తక్కిన సగములో కూర, పప్పు, చారు, పెరుగన్నము అన్నియు ఇమడవలెను. రెండు పూటలను ఆవకాయ వేసికొనువారి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

క్రింద చెప్పిన దోసావకాయలో అదే 20 గ్రాములకు ఉప్పు అర గ్రామునకు కొంచెము మించును. అనగా నాలుగవ వంతు. ఫ్రిజ్ ఊరగాయ వలన నిజమైన లాభము ఇది. కూరగాయ వృథా కాకుండుట రెండవ లాభము.

1. దోసావకాయ

పసుపుపచ్చని గట్టి దోసకాయలు తీసికొని, కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. ప్రతి కాయను కోసి చిన్న ముక్క నాలుకపై వేసి చూడవలెను. చేదుగా ఉన్నచో ఆ కాయ మొత్తము పారవేయవలెను. ఒక్క చేదుకాయ సీసా నంతటిని పాడుచేయుటే గాక వాంతులు, విరేచనములు కలిగింపగలదు. చెక్కు తీయక చిన్న ముక్కలుగా తరుగవలెను.

ముక్కలు అర కిలోకు ఆవపిండి 40 గ్రాములు, కారము 30 గ్రాములు, ఉప్పు 20 గ్రాములు, పప్పునూనె 60 గ్రాములు, మూడు నిమ్మకాయల రసము చాలును. ఆవపిండిని కాగిన నూనెలో వేయరాదు. వేడికి దాని ఘాటు నశించును. అన్నియు కలిపి గాజు సీసాకు ఎత్తి వెంటనే ఫ్రిజ్‌లో ఉంచవలెను. మరునాటికి ఊరును. పది దినములలో ముగింపవలెను. దొండకాయలు, కాలీఫ్లవరు ఇట్లే చేసికొనవచ్చును. అయితే కాలీఫ్లవరు పువ్వులను ఉప్పు, పసుపు వేసిన వేడినీటిలో కొంతసేపు ఉంచి, తీసి, నీడన తడి లేకుండ ఆరబెట్టవలెను.

2. పులుపు నీటిలో ముల్లంగి, కారెట్టు

లేత ముల్లంగి త్రిదోషహరమనియు, ముదిరినది త్రిదోషకరమనియు శాస్త్రము. కావున లేతవే ఎంచుకొనవలెను. ముల్లంగి, కారెట్టు కలిపి అర కిలో ముక్కలు సీసాలో నింపవలెను. ఒక గ్లాసు వెనిగరు, ఒక గ్లాసు నీరు, ఉప్పు 20 గ్రాములు, కొద్ది మిరియాలు, ఆవాలు, నాలుగు అల్లపు ముక్కలు కలిపి మరగించి, వేడిగా ఉండగానే ముక్కలు మునుగునట్లు పోయవలెను. సీసా పగులకుండ ముందుగా గోరువెచ్చని నీటితో వేడిచేసికొనుట మంచిది. చల్లారిన పిదప మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచవలెను. వెనిగరు సీసాపై ఆమ్లము 5 శాతమని వ్రాసి ఉన్నది చూచి కొనవలెను. పులుపు ఎక్కువైనదని నీరు పెంచరాదు; ఇందు పులుపే కాపరి.

3. నిమ్మరసములో అల్లము

భోజనమునకు ముందు అల్లము, ఉప్పు కలిపి నమలుట సదా పథ్యమని భావప్రకాశము చెప్పినది. నేను గురుకులములో చదువు దినములలో మధ్యాహ్నము విస్తరి ముందు కూర్చొనగానే మొదట వడ్డించునది అల్లపు ముక్క, సైంధవ లవణము. ఆకలి మందగించిన వృద్ధులకు ఇంతకు మించిన సులభమైన ఉపాయము నాకు తెలియదు.

100 గ్రాముల లేత అల్లమును చెక్కు తీసి సన్నని పలుకులుగా తరిగి, 5 గ్రాముల సైంధవ లవణము కలిపి, పలుకులు మునుగునంత నిమ్మరసము పోసి ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఏలూరు ప్రాంతమువారికి నిమ్మకాయకు కొదువ లేదు. భోజనమునకు ముందు రెండు మూడు పలుకులు నమలవలెను. ఇదియు పది దినముల వరకే. సైంధవములో సాధారణముగా అయోడిను చేర్చరు. కావున ఇంటి వంట అంతటికిని దానినే వాడుట తగదు.

విస్మరింపరాని జాగ్రత్తలు

జపానులో కూరగాయలను స్వల్పముగా ఉప్పు వేసి ఒకటి రెండు దినములలో తినివేయు ‘అసజుకె’ అను ఊరగాయ కలదు. 2012 ఆగస్టులో హొక్కైడో ద్వీపమున అట్టి క్యాబేజీ ఊరగాయ వలన ప్రబలిన క్రిమి వ్యాధితో 8 మంది మరణించిరి. పచ్చి కూరగాయకు అంటిన క్రిమిని తక్కువ ఉప్పు, చలువ చంపజాలవని ఈ ఘటన నిరూపించినది. మన పొలములలో పశువుల ఎరువు వాడుదుము. మట్టి అంటిన ముల్లంగి, కారెట్టులను పారు నీటిలో రుద్ది రుద్ది కడుగవలెను.

సీసా, మూత, గరిటె మరుగు నీటిలో కడిగి ఆరబెట్టినవి కావలెను. పులుపు పదార్థమును రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలలో కలుపరాదు, ఉంచరాదు.

పులుపును తగ్గించరాదు. నిమ్మరసము లేకుండ నూనె, ఉప్పు, కారముతో మాత్రమే ఊరవేయరాదు. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట ఉంచుట మరింత ప్రమాదకరము. గాలి తగులని చోట, పులుపు లేని చోట పెరుగు ఒక క్రిమి ప్రాణాంతకమైన విషమును పుట్టించును. ఆ విషమునకు వాసనగాని రుచిగాని ఉండకపోవచ్చును. ‘వాసన చూచితిని, బాగుగనే ఉన్నది’ అను మాట ఇచ్చట చెల్లదు.

ఫ్రిజ్‌లో చల్లదనము 4 డిగ్రీలు లేక అంతకు తక్కువ ఉండవలెను. కరెంటు పోయినపుడు తలుపు తీయకుండిన నాలుగు గంటల వరకు చల్లదనము నిలుచును. వేసవిలో అంతకు మించి కరెంటు లేనిచో దోసావకాయ వంటి వానిని పారవేయుటయే మేలు. అర కిలో దోసకాయల ఖరీదు ఎంత, ఆసుపత్రి ఖర్చు ఎంత?

సీసాపై తారీఖు వ్రాసిన చీటీ అంటించవలెను. తినునపుడు కావలసినంత చిన్న గిన్నెలోనికి తీసికొని సీసాను తిరిగి లోపల పెట్టవలెను. తీసినది చలువ విరిగిన పిదప వేడి అన్నములో కలుపుకొనవలెను. చల్లని పదార్థము జఠరాగ్నిని అణచును. గిన్నెలో మిగిలినది సీసాలో కలుపరాదు.

ఎవరు తినరాదు?

అమ్లపిత్తము, కడుపులో పుండు, మొలలనుండి రక్తస్రావము, చర్మవ్యాధులు గలవారు ఇవి తినరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు తమ వైద్యుని అడుగక ఏ ఊరగాయయు ముట్టరాదు. ఉప్పునకు బదులు వాడు పొటాషియము లవణములు వారికి మరింత హాని చేయగలవు. గర్భిణులు పచ్చి ముక్కలతో చేసిన ఫ్రిజ్ ఊరగాయను మానుట క్షేమము, ఏలయన చలువలో సైతము పెరుగు క్రిములు కొన్ని కలవు. రక్తపోటు గలవారికి పైన చెప్పిన లెక్కయే హద్దు: దినమునకు ఒక పూట, ఒక చెంచా.

ఈ చివరి మాటను ఊరకే చెప్పుట లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మెట్ట గ్రామము నుండి ఒక వృద్ధురాలిని ఆమె కుమారుడు నా వద్దకు తీసికొనివచ్చెను. రక్తపోటుకు ఏలూరులో మందులు వాడుచున్నది. ఊరగాయ పూర్తిగా మానవలెనని చెప్పగా మానివేసినది. ఆరు నెలలలో మనిషి చిక్కి సగమైనది. నాడి చూచి, “ఏమమ్మా, అన్నము సరిగా తినుట లేదా?” అని అడిగితిని. “పచ్చడి మానెయ్యమన్నారండి, మానేశానండి. అది లేపోతే ముద్ద దిగట్లేదండి. మీరేం మందిస్తారో ఇయ్యండి బాబుగారూ” అనినది.

ఆమెకు కావలసినది మందు కాదు, రుచి. అరుచి ప్రబలినచో బలము క్షీణించును. బలము లేని దేహములో ఏ ఔషధము పనిచేయును? రక్తపోటు మందులు ఒక్క పూటయు మానరాదని గట్టిగా చెప్పి, భోజనమునకు ముందు అల్లపు పలుకులు, మధ్యాహ్నము ఒక చెంచా దోసావకాయ, కూరలో ఉప్పు సగము అని విధించితిని. కొలత చెంచాను కుమారుని చేతికిచ్చి, రక్తపోటును వారము వారము చూపించి అంకెలు వ్రాయించుమంటిని. రెండు నెలల పిదప వచ్చునాటికి ఆమె రెండు పూటలు అన్నము తినుచున్నది. కాగితముపై అంకెలు పెరుగలేదు. ఇది మందు మహిమ కాదు, మాత్ర మహిమ. మాత్ర యనగా ఇచ్చట గోలీ కాదు, పరిమాణము.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ వారము మీ దొడ్డిలో కాయ మిగిలినచో పారవేయకుడు, కాని పెద్ద జాడీ వెదుకకుడు. చిన్న సీసా తీసికొనుడు. పది దినములలో ఇంటిల్లిపాది తినగలిగినంతయే వేయుడు. తక్కినది పొరుగింటికి పంపుడు. మీ సీసా ఖాళీ అగు నాటికి వారి పాదు కాపునకు వచ్చును.